కిన్వట్ అడవులు, 1956 సరిహద్దు

నాందేడ్ జిల్లా పేరు చెప్పగానే మనవారికి గోదావరి ఒడ్డు, గురుద్వారా, ధర్మాబాద్ మిరపకాయల బజారు గుర్తుకు వస్తాయి. అడవి గుర్తుకు రాదు. అందులో వింత ఏమీ లేదు. జిల్లా విస్తీర్ణం పదివేల చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది, అడవి అందులో పదోవంతుకు మించదు. ఆ ఉన్నదైనా జిల్లా అంతటా సమంగా పరచుకొని లేదు. తెలుగువారు ఎక్కువగా ఉండే బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ వైపు అంతా నల్లరేగడి. పత్తి, జొన్న, సోయా పండే నేల. అడవి అనదగినది ఉత్తరాన, ఈశాన్యాన పెన్‌గంగ వెంబడి కిన్వట్, మాహూర్ తాలూకాలలో ఉంది. కొంత భోకర్, హిమాయత్‌నగర్ వైపు కూడా కనిపిస్తుంది. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదు పోయే రైలు ఎక్కినవారు ఈ మార్పును కిటికీలోంచే చూడవచ్చు. భోకర్ దాటి కొంతదూరం పోయేసరికి చేలు సన్నబడి, గుట్టలు దగ్గరై, టేకుచెట్లు మొదలవుతాయి.

ఈ అడవిగల కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు 31వ తేదీ రాత్రి వరకు నాందేడ్ జిల్లాలోది కాదు, ఆదిలాబాదు జిల్లాలోది. నాందేడ్ జిల్లాకు అడవి వారసత్వంగా రాలేదు, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ద్వారా వచ్చింది. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల మా విద్యార్థులు అటవీ విధానం గురించి చదివేటప్పుడు మహారాష్ట్ర చరిత్రలో దాని మూలాలు వెతుకుతారు, దొరకక విసుగు చెందుతారు. మూలాలు హైదరాబాదు రాజ్యంలో ఉన్నాయి. ఫసలీ సంవత్సరాలతో, ఉర్దూ దఫ్తర్లలో ఉన్నాయి. ఈ వ్యాసంలో మేము ఆ దారిని కొంతదూరమైనా చూపించాలనుకుంటున్నాము.

ముందుగా సరిహద్దు సంగతి. 1956 చట్టం హైదరాబాదు రాజ్యాన్ని మూడు ముక్కలు చేసిందని అందరికీ తెలుసు. అయితే జిల్లాలు జిల్లాలుగానే పంచబడలేదన్నది అంతగా తెలియదు. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోయింది గాని, అందులో దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. అందుకు ఎదురుగా ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయికి చేరాయి. రాజురా తరువాత చాందా జిల్లాలో కలిసింది. కిన్వట్, ఇస్లాపూర్ నాందేడ్‌లో నిలిచాయి. మాహూర్ చాలాకాలానికి కిన్వట్ నుంచి విడివడి వేరు తాలూకా అయింది. లెక్క చూస్తే నాందేడ్ జిల్లా రేగడి చేలను ఇచ్చి అడవిని పుచ్చుకున్నది. ఎవరూ ఆ దృష్టితో లెక్క చూడలేదనుకోండి. చూసినది భాష లెక్క మాత్రమే. ఏ సర్కిల్లో మరాఠీ మాట్లాడేవారు ఎక్కువ, ఏ సర్కిల్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నలో గోండీ లేదు, కొలామీ లేదు. బోథ్, కిన్వట్, ఉట్నూరు, రాజురా గుట్టలలో తరతరాలుగా ఉన్న గోండులు, కొలాములు, పర్ధానులు, నాయక్‌పోడులు ఏ భాషా రాష్ట్రానికి చెందుతారని అడిగే గడి ఆ పట్టికలో లేదు. వారిలో ఇంట గోండీ, సంతలో మరాఠీ, తాలూకా కచ్చేరీలో ఉర్దూ, తూర్పున తెలుగు మాట్లాడేవారు కోకొల్లలు. వారి బంధుత్వాలు, జాతరలు, పెళ్ళిసంబంధాలు పెన్‌గంగకు, సహ్యాద్రి కొనల గుట్టలకు ఇరువైపులా ఉన్నాయి. గీత ఆ బంధుత్వాల నడుమ నుంచి పోయింది. ఇక్కడ ఒక చిన్నమాట. కిన్వట్, హడ్‌గావ్ ప్రాంతాలలో 'ఆంధ్' అనే ఆదివాసీ జాతి ఉన్నది. పేరు చూసి మా విద్యార్థులు ప్రతి ఏడూ ఉత్సాహపడతారు. పేరుపోలిక వల్ల ఆంధ్రులతోనో, శాతవాహనులతోనో సంబంధం కల్పించినవారు లేకపోలేదు. కాని వారి మాట మరాఠీ. పేరు ఒక్కటే ఆధారంగా చరిత్ర కట్టడం మంచిది కాదని మా మతం.

నిజాం కాలంలో పెన్‌గంగ రెండు జిల్లాల నడుమ నది మాత్రమే కాదు, రెండు ప్రభుత్వాల నడుమ ఎల్ల. ఉత్తరపు ఒడ్డున బీరారు. 1853 తరువాత ఆ ప్రాంతం ఇంగ్లీషువారి చేతిలోకి పోయింది, 1903 నుంచి మధ్యపరగణాలతో కలిపి పాలించబడింది. అక్కడ బ్రిటిషు అటవీశాఖ గీతలు గీసి, పటాలు వేసి, కూపులు కొట్టించింది. దక్షిణపు ఒడ్డున హైదరాబాదు ప్రభుత్వం అదే పనిని ఆలస్యంగా, తన పద్ధతిలో చేసింది. మొదట్లో సర్కారుకు కావలసినది అడవి కాదు, చెట్లు. అవీ కొన్ని జాతులే. టేకు, జిట్రేగి, ఏగి, చందనం వంటి విలువగల కలప సర్కారుది, మిగిలిన చెట్టూ చేమా రెవెన్యూవారి పర్యవేక్షణలో ఊరివారి వాడకానికి. నేలను గురించి పట్టింపు తక్కువ. ఇంకా చెప్పాలంటే, 1905లో ఆదిలాబాదు జిల్లా ఏర్పడిన కాలానికి సర్కారు కోరిక అడవి కొట్టి సేద్యం పెంచాలనే. శిస్తు రాయితీలు ఇచ్చి పడమటి నుంచి కుణబీలను, దక్షిణాన కరీంనగరు వైపు నుంచి తెలుగు కాపులను పిలిచారు. రైలు, రోడ్డు వచ్చినకొద్దీ ఈ రాక పెరిగింది.

తరువాత గాలి మారింది. 1326 ఫసలీ, అనగా 1916-17 నాటి హైదరాబాదు అటవీ చట్టం అడవి నేలను కూడా సర్కారు పట్టులోకి తెచ్చింది. దానిని 1355 ఫసలీలో, అనగా 1945-46లో, మళ్ళీ రాశారు. ఈ చట్టాల కింద 'మహసూరా' అనే మాట అడవి ఊళ్ళలోకి వచ్చింది. మహసూరా అంటే చుట్టూ హద్దు వేసినది, నేటి మాటలో రిజర్వు అడవి. హద్దు వేసేటప్పుడు పట్టా ఉన్న భూమిని వదిలిపెట్టారు, పట్టా లేనిదాన్ని లోపల వేసుకున్నారు. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని గోండుల సేద్యపు పద్ధతిలో రెండుమూడేళ్ళు ఒక చెలక దున్ని, దాన్ని బీడుపెట్టి వేరొక చెలకకు పోవడం మామూలు. కొలాములు గుట్టవాలులో పోడు కొట్టేవారు. సర్వే జవాను వచ్చిననాడు దున్ని ఉన్న చెలక ఒకటి, బీడున్నవి మూడు. బీడున్నవి అడవిలో కలిశాయి. పట్టా అడగడానికి కచ్చేరీకి పోగలిగిన బయటి రైతులకు పట్టాలు వచ్చాయి. శిస్తు కడుతూ కూడా 'శివాయి జమాబందీ' కిందనే ఉండిపోయిన ఆదివాసులకు రాలేదు. అడవి చౌకీదారు మామూళ్ళు, కట్టెకు, ఆకుకు, మేతకు దండుగలు, హద్దు లోపలి గుడిసెల తగలబెట్టుళ్ళు ఆ తరువాత కథ.

ఆ కథ 1940లో ఆసిఫాబాదు గుట్టలలో జోడేఘాట్ వద్ద తుపాకుల దాకా పోయింది. కొమురం భీము, ఆయనతోపాటు మరికొందరు గోండులు పోలీసుల కాల్పులలో చనిపోయారు. భీము గురించి మనకు నవలలు, సినిమాలు, పాటలు ఉన్నాయి. అటవీ విధానం చరిత్ర రాసేవారికి మాత్రం మరొక సంగతి ముఖ్యం. ఈ సంఘటన తరువాతనే హైదరాబాదు ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాదు గోండుల పరిస్థితులు పరిశీలించమని పంపింది. ఆయన మార్లవాయి గ్రామంలో నివాసం ఉండి పనిచేశారు. 1945లో 'ట్రైబల్ హైదరాబాద్', 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వెలువడ్డాయి. అటవీశాఖ హద్దుల వల్ల ఊళ్ళకు ఊళ్ళు ఎలా నేల కోల్పోయాయో ఆయన ఊరి పేర్లతో సహా రాశారు. ఆయన సూచనల ఫలితంగా 1356 ఫసలీ, అంటే 1946 నాటి గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వచ్చింది. దాని నియమాలు 1949లో వెలువడ్డాయి. ఆ కొద్ది సంవత్సరాలలో ఆదిలాబాదు జిల్లాలో 11 వేలకు పైగా ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలు లావుణి పట్టాలుగా దక్కాయి. పరాయి పాలన అని, నిరంకుశ పాలన అని మనం చెప్పుకునే కాలపు చివరి ఘట్టంలో జరిగిన ఈ పంపకాన్ని మించినది ఆ తరువాత యాభై ఏళ్ళలో ఆ గుట్టలలో జరగలేదు. ఇది నిజాం పాలనకు ప్రశంస కాదు. నెత్తురు చిందితే తప్ప ఆ పని జరగలేదన్నది మరచిపోరాదు.

కిన్వట్ అప్పటికి ఆదిలాబాదులో ఉంది గనుక ఈ చరిత్ర కిన్వట్‌ది కూడా. 1956 నవంబరు 1 తరువాత ఒకే అడవి రెండు చట్టాల కిందకు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు అటవీ చట్టం మరి పదేళ్ళు నడిచి, 1967లో రాష్ట్రమంతటికీ ఒకే అటవీ చట్టం వచ్చాక రద్దయింది. మరాఠ్వాడాకు మహారాష్ట్ర 1927 నాటి భారత అటవీ చట్టాన్ని విస్తరింపజేసింది. గిరిజన భూముల సంగతిలో ఆంధ్రప్రదేశ్ 1959 రెగ్యులేషను 1963లో తెలంగాణకు వర్తించి, 1970లో మరింత బిగిసింది. మహారాష్ట్రలో అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించే చట్టం 1974లో గాని రాలేదు. తునికాకు వ్యాపారాన్ని మహారాష్ట్ర 1969 చట్టంతో, ఆంధ్రప్రదేశ్ 1971 చట్టంతో సర్కారు గుత్తకు తెచ్చాయి. ఆకు ఒకటే, కోసే చేతులు ఒకటే. కల్లం ఏ ఒడ్డున ఉన్నదన్నదాన్ని బట్టి కట్టకు దక్కే రేటు, దాన్ని తెంచే కచ్చేరీ మారాయి.

పేర్లు కూడా మారాయి. ఇది భాషా విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం గనుక కాస్త ఆగుతాము. బోథ్ వైపు టేకు అయినది కిన్వట్‌లో సాగ్. ఇప్ప మోహ, మోదుగ పళస్, నల్లమద్ది ఐన్, చిరుమాను ధావడా, చండ్ర ఖైర్ అవుతాయి. తునికి మాత్రం సంతలో ఎవరి నోట విన్నా తెందూపత్తాయే. అది వ్యాపారి భాష, రెండు ఒడ్లకూ ఉమ్మడి. సర్కారీ మాటలలో అయితే పట్టా, శిస్తు, చౌకీదారు, దండుగ ఇరువైపులా ఒకేలా ఉన్నాయి. కొత్తగా వచ్చినవే వేరైనాయి. ఇటు 'అతిక్రమణ్', అటు 'ఆక్రమణ'. హైదరాబాదు రాజ్యం పోయినా దాని దఫ్తరు భాష మాత్రం అడవిలో చావలేదు.

ఇక దేశం మొత్తం మీద విధానం ఎటు నడిచిందో చూద్దాము. 1894లో బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించిన విధానం, 1952లో స్వతంత్ర భారతం ప్రకటించిన విధానం మధ్య పేర్లు మారినంతగా దృష్టి మారలేదు. 1952 విధానం దేశంలో మూడోవంతు నేల అడవి కావాలన్నది. కొండప్రాంతాలలో 60 శాతం, మైదానాలలో 20 శాతం. ఊళ్ళు అడవిని వాడుకోవడం జాతి ప్రయోజనాన్ని దెబ్బతీయరాదని కూడా అన్నది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను, వన్యప్రాణులను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. 1980 అటవీ సంరక్షణ చట్టంతో కేంద్రం అనుమతి లేనిదే అడవి నేలను వేరే పనికి మళ్ళించరాదన్న కట్టడి ఏర్పడింది. 1988 విధానంలోనే మొదటిసారి ఆదాయం ప్రధానం కాదని, పర్యావరణ సమతౌల్యం ప్రధానమని, అడవిలో ఉన్నవారి అవసరాలకు తొలిహక్కు ఉన్నదని రాశారు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థంలో అడవి అయినదల్లా, అది ఎవరి పేర ఉన్నా, 1980 చట్టం కిందకు వస్తుందని చెప్పింది. 2023 సవరణ ఆ పరిధిని మళ్ళీ కుదించింది. ఈ అన్నిటిలోనూ నిలిచిపోయిన అంకె ఒకటే: మూడోవంతు, ముప్పైమూడు శాతం. తెలంగాణ 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు 24 నుంచి 33 శాతానికి పచ్చదనం పెంచుతామన్నది. మహారాష్ట్ర 2019లో ఒక్క వానాకాలంలో 33 కోట్ల మొక్కలు నాటతామన్నది. ముప్పైమూడుకు మంత్రశక్తి ఏదో ఉన్నదని మనవాళ్ళు నమ్ముతున్నట్టున్నారు.

మరి అంకెలు ఏమంటున్నాయి? అటవీ సర్వే సంస్థ 1987లో ఇచ్చిన తొలి నివేదికలో దేశంలో అడవి కప్పు 6,40,819 చదరపు కిలోమీటర్లు, అంటే 19.49 శాతం. 2023 నివేదికలో 7,15,343 చదరపు కిలోమీటర్లు, 21.76 శాతం. పెరిగినట్టే కనిపిస్తుంది. అయితే విద్యార్థులు రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 1987లో ఉపగ్రహపు చూపు మొద్దుది, తరువాతి చూపు నిశితమైనది. మొదట కనబడని చిన్న తోపులు తరువాత కనబడ్డాయి. రెండోది అంతకంటే ముఖ్యం. ఒక హెక్టారుకు తగ్గని నేలలో కొమ్మల నీడ పది శాతం ఉంటే చాలు, అది అడవి కప్పే. మామిడితోట, నీలగిరితోట, సుబాబుల్ అన్నీ అందులో చేరతాయి. అదే సమయంలో అటవీశాఖ రికార్డులో అడవిగా ఉండి చెట్టు లేని గుట్ట అందులో చేరదు. కిన్వట్ చుట్టుపక్కల రెండో రకం నేల కొద్దిగా లేదు. అందువల్ల 'అడవి నేల' వేరు, 'అడవి కప్పు' వేరు. పత్రికలు ఈ రెంటినీ కలిపి రాసినప్పుడల్లా ఎవరో ఒకరు మోసపోతారు, సాధారణంగా రాసినవారే.

వన్యప్రాణుల రక్షణ ఈ ప్రాంతానికి ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు రాజ్యం చివరి ఏళ్ళలో, 1952, 1953లలో పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు ఏర్పడ్డాయి. జన్నారం వద్ద కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల ప్రాజెక్టు వచ్చాయి. మహారాష్ట్రలో తొలి జాబితాకు ఎక్కినది దూరాన ఉన్న మేల్‌ఘాట్. పెన్‌గంగ వెంబడి యవత్మాల్, నాందేడ్ జిల్లాలు రెంటిలోనూ పరచుకొన్న పైన్‌గంగా అభయారణ్యాన్ని 1986లో సుమారు 325 చదరపు కిలోమీటర్లతో ప్రకటించారు. ఒకనాడు రెండు ప్రభుత్వాలకు ఎల్లగా ఉన్న నదికి రెండు ఒడ్లనూ కలిపి ఒకే పాలన కిందకు తెచ్చిన మొదటి ఏర్పాటు ఇదేనని చెప్పవచ్చు. ఎలుగుబంటి, చిరుత, దుప్పి, మనుబోతు, అడవిపంది ఇక్కడి జంతువులు. యవత్మాల్ జిల్లాలో పాంఢర్‌కవడా దగ్గర తిపేశ్వర్ 1997లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం 150 చదరపు కిలోమీటర్లకు లోపే, అయినా పులులకు అది బాగా అచ్చివచ్చింది.

అభయారణ్యం మన భాషలో మంచి మాట. అభయం ఎవరికి అన్నది మాత్రం మాటలో లేదు. చట్టం ప్రకారం ప్రకటన తరువాత కలెక్టరు విచారణ జరిపి ఊరివారి హక్కులను తేల్చాలి. దేశంలో చాలా చోట్ల ప్రకటన ముందు వచ్చి విచారణ ఏళ్ళ తరబడి సాగింది. ఈ మధ్యకాలంలో ఊరివాడు మేతకు పోతే అది హక్కో నేరమో చెప్పగలవారు లేరు.

పులులు తిరిగి రావడం గత పదిహేనేళ్ళ విశేషం. దేశం మొత్తం మీద 1972 లెక్కలో 1,827 పులులు, 2006 అంచనాలో 1,411, 2022 అంచనాలో 3,682. మొదటిది పాదముద్రల లెక్క, తరువాతివి కెమెరాల లెక్క, కనుక వీటిని ఒకే త్రాసులో వేయరాదు. అయినా 2006 తరువాత పెరిగిన మాట నిజం. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. కేంద్రభాగం 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫరు మరో 1,123. అయితే కవ్వాల్‌లో పులులు పుట్టి పెరగడం కంటే తాడోబా నుంచి, తిపేశ్వర్ నుంచి వచ్చిపోవడం ఎక్కువ. 2019లో తిపేశ్వర్‌లో మెడపట్టీ వేసిన ఒక మగపులి ఆదిలాబాదు జిల్లాలోకి దిగి, మళ్ళీ మహారాష్ట్రకు మరలి, చేలు, రోడ్లు, ఊళ్ళు దాటుకుంటూ ఆ సంవత్సరం చివరకు బుల్ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ చేరింది. అప్పటికే 1,300 కిలోమీటర్లు నడిచింది. 2024 అక్టోబరులో కిన్వట్ తాలూకా నుంచి మరొక మగపులి బయలుదేరింది. 'జానీ' అని అటవీశాఖవారు పెట్టిన పేరు. బోథ్ మండలంలో దిగి, నిర్మల్ జిల్లాలో కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి మండలాల మీదుగా తిరిగి, హైదరాబాదు నుంచి నాగపూరు పోయే రహదారిని దాటి, ఉట్నూరు వైపు సాగింది. ఆడతోడు కోసం అని చెప్పారు. బోథ్ నుంచి ఇస్లాపూర్‌ను వేరుచేసిన 1956 గీతను అది ఎక్కడ దాటిందో ఎవరూ గుర్తించి ఉండరు.

గీత దాటిన పులి గురించి చదివి మనం సంతోషించవచ్చు. ఆ ఊళ్ళలో ఉన్నవారి సంగతి వేరు. పాంఢర్‌కవడా వైపు పదముగ్గురి మరణాలకు కారణమని చెప్పిన ఆడపులిని 2018 నవంబరులో కాల్చి చంపారు. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో పక్షం రోజుల తేడాతో ఇద్దరు యువజనులు పులి నోట పడి చనిపోయారు, ఒకరు చేలో పని చేస్తుండగా. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం వల్ల పులులు చనిపోయాయి. పత్తి ఏరే రోజులూ, పులులు తిరిగే రోజులూ ఒకటే కావడం ఇందులో సగం కారణం. నవంబరు నెలలో పత్తిచేను నడుమెత్తు ఉంటుంది, దానిలో వంగి పనిచేసే మనిషి దూరానికి మనిషిలా కనబడదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న తాడోబాకు, కవ్వాల్‌కు నడుమ ఉన్న ఆసిఫాబాదు జిల్లా అడవులను కుమురం భీము పేరుతో సంరక్షణ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. ఆదివాసుల ఆందోళన లేవగా జూలై నెలలో దానిని నిలిపివేసింది. రిజర్వు హద్దుకు వ్యతిరేకంగా నిలిచి చనిపోయినవాని పేరే మరొక రిజర్వుకు పెట్టడంలో ఉన్న విచిత్రం ఆ జీవో రాసినవారికి తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో మేము చెప్పలేము. పులులు నడిచే దారి కావాలన్నది నిజమే. దారి లేకపోతే తిపేశ్వర్ పులులు తమలో తామే కొట్టుకొని చస్తాయి. ఆ దారి మీద ఊళ్ళు ఉన్నాయన్నదీ అంతే నిజం. ఊరివారిని అడిగిన తరువాత జీవో రావడం వేరు, జీవో వచ్చిన తరువాత ఊరివారు అడగడం వేరు.

ఇక మా విద్యార్థులకు నేరుగా సంబంధించిన విషయానికి వస్తాము. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి నేలను సాగుచేసుకుంటున్న షెడ్యూల్డు తెగల కుటుంబాలకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. తెగల జాబితాలో లేనివారు 'ఇతర సంప్రదాయ అటవీవాసులు' అవుతారు. వారు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నామని చూపాలి. ఇప్పుడు లంబాడీ తండాల సంగతి చూడండి. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగ అయ్యారు. మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతులలో ఉన్నారు, షెడ్యూల్డు తెగలలో లేరు. బోథ్ తండాలో ఉన్న అన్నకు 2005 నాటి సాగు చూపితే సరిపోతుంది. ఇస్లాపూర్ తండాలో ఉన్న తమ్ముడు 1930 నాటి నివాసం చూపాలి. 1956లో సర్కిళ్ళను పంచినవారికి ఇటువంటి పర్యవసానం ఊహకైనా వచ్చి ఉండదు. ఆ 1976 మార్పు వల్ల మహారాష్ట్ర నుంచి ఆదిలాబాదుకు వలసలు పెరిగి గోండులకూ లంబాడీలకూ మధ్య పోరు ముదిరిందని హైమెండార్ఫ్ 1982లో మళ్ళీ రాశారు. ఆ పోరు 2017లో ఉట్నూరు ప్రాంతంలో ఘర్షణలుగా బయటపడింది. ఎవరి పక్షాన న్యాయమున్నదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఒకే తండాను రెండు జాబితాలుగా చీల్చినది సరిహద్దు అన్నంతవరకే చెబుతాము.

1930లో ఇస్లాపూర్, కిన్వట్ ఎక్కడ ఉన్నాయి? ఆదిలాబాదు జిల్లాలో. పహాణీలు, సెత్వార్లు, అటవీ హద్దుల విచారణ కాగితాలు ఏ భాషలో ఉన్నాయి? ఉర్దూలో, ఫసలీ తేదీలతో. కొన్ని నాందేడ్ కచ్చేరీకి చేరాయి, కొన్ని ఆదిలాబాదులో మిగిలాయి. హైదరాబాదు రాజ్యపు దఫ్తర్లు హైదరాబాదులో తార్నాక వద్ద రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. కిన్వట్ రైతు మరాఠీలో దరఖాస్తు పెట్టి, తెలుగు జిల్లా నుంచి ఉర్దూ కాగితం తెచ్చి రుజువు చూపాలి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని ఖాళీ చేయించమని ఆదేశించి, ఆ నెల 28న దాన్ని నిలుపు చేసినప్పుడు, తిరస్కరణలు ఎలా జరిగాయన్నదే ప్రధాన ప్రశ్నగా ముందుకు వచ్చింది. కిన్వట్ వంటిచోట కాగితం లేకపోవడం ఒక ఇబ్బంది, ఉన్న కాగితాన్ని చదివేవారు లేకపోవడం మరొకటి.

నియమావళి మాత్రం ఉదారంగానే ఉన్నది. గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే నివేదికలు, అటవీశాఖ పనిపథకాలు, ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావి, గుడి, శ్మశానం, ఇవన్నీ రుజువులే. వీటిలో రెండు ఉంటే చాలు. ఉర్దూ అక్షరాలు నేర్చినవారు, మరాఠీలో రాయగలవారు, ఆదిలాబాదులో తెలుగు మాట్లాడి పని చేయించుకోగలవారు ఒకేచోట దొరకాలంటే ఈ సరిహద్దు తాలూకాల కళాశాలల్లోనే దొరుకుతారు. ఈ పనికి పూనుకొనే విద్యార్థులు ఊరివారి దగ్గరకు పోయేముందు ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా తికమక తప్పుతుంది. హైదరాబాదు ఫసలీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. సంవత్సరం అక్టోబరుతో మొదలవుతుంది. కనుక వెతకవలసిన గడువు 1340 ఫసలీ. దానికి ముందు తేదీతో ఉన్న పహాణీలో ఊరి పేరు, ఆ ఊరి కింద తండా పేరు, సాగుదారు పేరు, ఈ మూడూ విడివిడిగా నకలు రాసుకోవాలి. చాలా పత్రాలలో తండాకు నాయకుని పేరే పెట్టారు, నాయకుడు మారినప్పుడు పేరూ మారింది.